ఎముక వయసు

తల్లి లోపలికి రాకూడదన్నారు. బరువైన తలుపు పదమూడేళ్ల వెన్నెలని లోపలికి తీసుకుని మెల్లగా మూసుకుంది, పైన ఎర్రలైటు వెలిగింది, పద్మకుమారి గుప్పిట్లో కూతురి చేతి దారమూ ప్లాస్టిక్ గడియారమూ మిగిలాయి. ఎడమ చెయ్యి మీద ఏమీ ఉండకూడదట, మణికట్టు శుభ్రంగా కనబడాలట, ఆ మణికట్టులో గులకరాళ్లంత ఎముకలు ఎన్నో ఉంటాయట, వాటిని ఫొటో తీసి చూస్తే మనిషికి ఎన్నేళ్లో తెలిసిపోతుందట. కన్నది ఇక్కడ బెంచీ మీద కూర్చుని ఉంటే ఎముకని అడుగుతున్నారు. అడగండి, అనుకుంది పద్మ, బాగా అడగండి, నా పిల్ల ఎముకలో నేను పోసింది తప్ప ఇంకేముంది, చోడిపిండీ గుడ్లూ పప్పూ, అవేగా, అవి అబద్ధం చెబుతాయా. అలా ధైర్యంగా అనుకుందే గానీ గుప్పిట్లో గడియారం చెమటకి తడుస్తూనే ఉంది.

ఎదురు బెంచీ మీద సెలక్షన్ కమిటీ పెద్దమనిషి కాళ్లు చాపుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. కిటికీ దగ్గర కోచ్ అమర్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వెన్నెల ఎనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచీ పద్మావాళ్లు టెక్కలి వైపు నుంచి వలస వచ్చిన ఈ హిందీ ఊళ్లో, బిర్సానగర్ గ్రౌండులో బంతి పట్టడం నేర్పినవాడు అతనే, ఇవాళ మాత్రం పద్మ వైపు చూడలేకపోతున్నాడు. మొన్నటి సెలక్షన్లలో, పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకి, వెన్నెల గోల్‌కీపర్‌గా నిలబడింది. ఆడినన్ని ఆటల్లోనూ ఒక్క గోలు పోనివ్వలేదు. ఆఖరి ఆట అవ్వగానే ఓడిన జట్టులోని ఎవరో పిల్ల తల్లి గొడుగు ఊపుకుంటూ కమిటీ బల్ల దగ్గరికి వెళ్లి, "యే బచ్చీ హై? ఇస్కీ తో షాదీ కరా దో" అంది, ఇది పిల్లేమిటి, దీనికి పెళ్లి చేసెయ్యండి అని. గ్రౌండంతా నవ్వింది. పదమూడేళ్ల పిల్లకి ఇంత ఎత్తా, ఇంత ఒళ్లా, వయసు తగ్గించి రాయించారు, అని ఫిర్యాదు. అదుగో, ఆ నవ్వు నుంచే మొదలైంది. ఆ రోజు నుంచీ పిల్ల భుజాలు ముందుకి వంచి నడుస్తోంది. స్కూలుబ్యాగు వెనక వేసుకోవడం మానేసి గుండెలకి హత్తుకుంటోంది. కంచం ముందు పెడితే తోసేస్తోంది. "భూఖ్ నహీఁ హై మమ్మీ." ఆకలి లేదట. ఇంట్లో మూకుడు అడుగు గీకి తినే పిల్లకి ఆకలి లేదట. నిన్న పొద్దున్న అద్దం ముందు నిలబడి మోకాళ్లు కాస్త వంచి, తలకీ అద్దం అంచుకీ మధ్య ఎంత తేడా వస్తోందా అని చూసుకుంటూ దొరికింది.  ముక్కూ మొహం తెలియని మనిషి గొడుగూపి ఒక్క మాటంటే, ఇన్నేళ్లు పోసి పెంచిన ఎత్తుని పిల్ల తనంతట తనే కోసేసుకోవాలని చూస్తోంది.

పక్కన ఒక బిహారీ అమ్మాయి వచ్చి కూర్చుంది, ఒళ్లో పసివాడు. టీకాకి తెచ్చినట్టుంది. వాణ్ణి భుజానికి ఎత్తుకుంటే తల ఒక్క క్షణం నిలబడింది, ఇటు ఊగింది, అటు ఊగింది, తల్లి మెడ మీద వాలిపోయింది, మళ్లీ లేచింది. లోకాన్ని ఒకసారి చూసి తీరాలన్న పట్టుదల ఆ చిన్న మెడలో. పద్మకి తన మెడ దగ్గర వెచ్చగా అనిపించింది. వెన్నెల తల అక్కడే ఉండేది, గొంతుకి కాస్త కింద, నిమ్మకాయకి జుట్టు మొలిచినట్టుండేది. ఏడో నెలలో వచ్చేసింది. సీమంతం గాజులు ఇంకా చేతికి అలవాటు కాలేదు, ఆకాశానికి చిల్లు పడినట్టు వాన, గమ్హరియా ఫ్యాక్టరీలో షిఫ్టు నుంచి భర్త మురళి తడిసి ముద్దై వచ్చేసరికి అంతా అయిపోయింది. కేజీన్నర కూడా లేదు. వెల్డింగు పొగకి నల్లబడ్డ తన వేళ్లు చూసుకుని, ముట్టుకోబోయి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అత్త కస్తూరమ్మ పక్కనే నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏడో నెల గుంట. ఆశెట్టుకోకే పద్మా. దేవుడు సూపించి తీసుకుపోడానికే ఇత్తాడు ఇలాటోల్లని." ఆవిడ చెడ్డది కాదు, తను పోగొట్టుకున్నవాళ్లు ఇద్దరున్నారు, కోడలు కూడా ఆ బాధ పడకూడదని ముందే చెప్పింది. కానీ పద్మకి అప్పుడు ఇరవై ఏళ్లు, దేవుడన్నా అత్తన్నా భయమే, ఆ రోజు మాత్రం భయం ఎటు పోయిందో పోయింది. నర్సు పిల్లని తెచ్చి జాకెట్టు లోపల, చర్మానికి చర్మం ఆనేలా పడుకోబెట్టి, నీ ఒంటి వేడే దీనికి మందు, కదలనివ్వకు అంది. పద్మ కదలనివ్వలేదు. పాలు పీల్చే బలం లేదు పిల్లకి, తన పాలు పిండి ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పోసేది, సగం పెదవి పక్కనుంచి కారిపోయేది, తుడిచి మళ్లీ పోసేది. ఒక్కోసారి ఊపిరి ఆగినట్టుండేది. అప్పుడు అరికాలి మీద వేలితో కొట్టి ఆ నిమ్మకాయ తలతో అనేది, "పోతానంటే నానొల్లను. ఇన్నావా. నానొల్లనంతే." మిగతా పిల్లలు చెవిలో జోలపాట విని పెరిగారు, నా పిల్ల ఇది విని పెరిగింది.

లోపల ఏదో చప్పుడైంది. ఎర్రలైటు ఇంకా వెలుగుతూనే ఉంది. ఫొటోకి ఇంతసేపా. చెయ్యి సరిగ్గా పెట్టమంటున్నారేమో. పెద్ద చెయ్యి దానిది, వేళ్లు పొడుగు, బంతి మీద పడితే అతుక్కుపోతాయి.

ఆ తరవాత అన్నీ ఆలస్యమే. పక్కింటి ప్రియ కొడుకు వెన్నెల పుట్టిన నెలలోనే పుట్టాడు, వాడు తల నిలబెట్టాడు, వీధిలో అందరూ వచ్చి, "మీ గుంటకి నిలబడ్డాదేటి?" అని అడిగారు. వాడు బోర్లా పడ్డాడు, "మీ గుంట పడ్డాదేటి?" వాడు కూర్చున్నాడు, వాడు గడప పట్టుకుని లేచాడు. ముందు పుట్టిన పిల్లకి ఆ తక్కువ నెలలు తీసేసి లెక్క చూసుకోవాలని, తొందరపడొద్దని ఆస్పత్రిలో ముందే చెప్పారు. వీధికి ఎవరు చెబుతారు? వీధి ఏదీ తీసేయదు. అంగన్‌వాడీలో కొక్కెం తక్కెడకి గుడ్డ ఊయల కట్టి పిల్లని వేలాడదీసేవాళ్లు, వెన్నెల గాల్లో గుక్కపట్టి ఏడ్చేది, దీదీ కార్డు మీద చుక్క పెట్టి నాలుక చప్పరించేది. "లైన్ కే నీచే హై." గీత కింద ఉంది. ప్రతి నెలా అదే మాట. గీత పైకి పోతోంది, వెన్నెల చుక్క కూడా పైకే పోతోంది, కానీ గీత కింద. పద్మ ఆ గీత వంక చూసి, ఇది ఎవరి పిల్ల గీత, అనుకునేది. ఎక్కడో ఉంటుందా ఆ పిల్ల, సరిగ్గా గీత మీదే పెరిగేది, సరిగ్గా ఆ నెలలో కూర్చుని, సరిగ్గా ఆ నెలలో నడిచేది? ఉంటే ఉండనీ. ఆ పిల్లకీ నాకూ ఏ సంబంధం లేదు.

పద్మావాళ్ల టెక్కలి వైపు పిల్ల బోర్లా పడితే బొబ్బట్లు వండుతారు, అడుగులేస్తే అరిసెలు పంచుతారు. వెన్నెల ఆలస్యంగా బోర్లా పడింది, అదీ ఒక మధ్యాహ్నం పద్మ కుట్టుమిషను కింద గుడ్డముక్కల మీద, కత్తిరించిన కాలరు పట్టీ కోసం చెయ్యి చాపి చాపి, చటుక్కున తిరగబడి, తనకేమైందో తెలియక పద్మ మొహంలోకి చూసింది. పద్మ మిషను ఆపేసి శనగపప్పు నానబోసింది. కస్తూరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇప్పుడేటే బొబ్బట్లు? ఊరోల్ల పిల్లలు నడుత్తన్నారు. నవ్వుతారే." నవ్వనీ, అంది పద్మ. నడిచిన రోజు సంగతి మరీ బాగుంటుంది. వీధిలో తన ఈడు పిల్లలు పరుగులు తీస్తూ పడి మోకాళ్లు పగలగొట్టుకుంటున్న వయసులో వెన్నెల మంచం కోడు వదిలి, చేతులు రెండూ గాల్లోకి ఎత్తి, బంతి పట్టబోయేదానిలా, మూడడుగులేసింది. పద్మ మర్నాడు బియ్యం నానబెట్టింది, దంచింది, పాకం పట్టింది, అరిసెలు పళ్లెంలో పేర్చి వరసలో ప్రతి ఇంటికీ తనే వెళ్లింది, ప్రియ ఇంటికి ముందు. ఆ చివర ఇంటి ముసలామె అరిసె అటూ ఇటూ తిప్పి చూసి, "కౌన్ సా పరబ్ హై?" అంది. ఇవాళ ఏ పండగ? "మేరీ బేటీ చలీ" అంది పద్మ, అప్పటికి ఆమెకి వచ్చిన హిందీ అంతే. నా కూతురు నడిచింది. ముసలామె అరిసె కొరికి, కళ్లు మూసుకుని, ఐతే ఇది పండగే అంది.

మాట ఇంకా ఆలస్యం. అమ్మ అనలేదు, నాన్న అనలేదు, రెండేళ్లు దాటాక ఒకరోజు అంబలి గిన్నె ఖాళీ అయితే గిన్నెని నేలకేసి కొట్టి "దే" అంది. మొదటి మాట. ఇయ్యి. తెలుగు కాదు, హిందీ, అయినా పద్మకి ఇంతకన్నా చక్కటి మాట దొరకదనిపించింది. పెట్టింది. అడిగినకొద్దీ పెట్టింది. ఊరి నుంచి అమ్మ పంపే చోడిపిండి, రాగులే, అది అయిపోతే ఇక్కడి బజారులో మడువా అని అమ్మేదీ అదే, వేడినీళ్లలో కాచి మజ్జిగ పోసి. పెసరపప్పు మెత్తగా ఎనిపి నెయ్యి చుక్క. మునగాకు వేపుడు. రోజూ గుడ్డు, ఆదివారం రెండు, నదిలో పట్టిన చిన్నచేపలు ముల్లుతో సహా కరకరలాడేలా వేయించి. పదేళ్లు వచ్చేసరికి పిల్ల కంచం మురళి కంచం అంత అయింది. కస్తూరమ్మ గొణిగేది, "ఆడగుంటకి అంత తిండేటే? మగోడికి దాసి ఉంచాలా వద్దా?" ఉన్న గుడ్డు ఒక్కటైతే సగం కొయ్యడం, పెద్ద సగం మగాడికి వెయ్యడం, ఆవిడ చూసిన ఇల్లు అది, పద్మ పుట్టిన ఇల్లూ అదే. పద్మ గుడ్డు మొత్తం తీసి వెన్నెల కంచంలో పెట్టేది. మురళి ఒకసారి తన కంచంలోది కూడా తీసి కూతురికి వేసి, "తిననీయే అమ్మా. ఇది బతకదన్నావు" అన్నాడు. 

ఎక్కువ పెట్టానా? ఈ ప్రశ్న ఈ వారమంతా పద్మ లోపల ఎలుకలా కొరుకుతోంది. ఫారం కోడి తింటే ఆడపిల్లలు తొందరగా ఎదిగిపోతారని ఎవరో ఫోన్లో పంపారు. గుడ్లూ అంతేనట. పాలూ అంతేనట. ఐతే ఏం పెట్టాలి పిల్లకి? గీత కింద ఉన్నప్పుడు పెట్టడం లేదని తల్లినే అన్నారు, ఇప్పుడు గీత పైకి పోతే పెట్టిందని తల్లినే అంటారు. బిర్సానగర్‌లో సగం పిల్లల స్కూలు బట్టలు పద్మ మిషను మీదే తయారవుతాయి, ఎదిగే పిల్లలకి లోపల గుడ్డ మడిచి వదిలి కుట్టడం ఆమె పని. ఒకడు అదే నిక్కరు ఏళ్లతరబడి వేసుకుని ఒక్క వేసవి సెలవుల్లో కొబ్బరిచెట్టైపోతాడు. ఒకతి నిలువుకన్నా ముందు అడ్డంగా పెరుగుతుంది. అక్కాచెల్లెళ్లకి కూడా ఒకే కొలత పనికిరాదు. గుడ్డ పిల్లని బట్టి మారుతుంది గానీ పిల్ల గుడ్డని బట్టి మారదు కదా. పెట్టాను, అనుకుంది పద్మ, బెంచీ అంచు గట్టిగా పట్టుకుని. పెట్టాను, ఇంకా పెడతాను. ఆకలేసిన పిల్లకి పెట్టడం తప్పయితే ఆ తప్పు రోజూ చేస్తాను.

వెన్నెల పెద్దమనిషి అయినప్పుడూ అంతే, అందరికన్నా ముందే. ఐదో తరగతి దాటిందో లేదో. పిల్ల భయపడి స్నానాలగది తలుపు గడియ పెట్టుకుని, "మమ్మీ, కుఛ్ హో గయా" అని, ఏదో అయిపోయిందని, ఏడ్చింది. నడకా మాటా ఆలస్యమైన పిల్లకి ఇది మాత్రం తొందరా అని పద్మకీ అనిపించింది, కానీ తలుపు బయట కూర్చుని, భయం లేదమ్మా, ఏమీ కాలేదు, ఒళ్లు ఎదుగుతోంది అంతే, అని తలుపు తెరుచుకునేదాకా చెబుతూనే ఉంది. కస్తూరమ్మ ఆ సాయంత్రమే నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి చేసింది, మూలన చాప వేసింది, తాటాకు దొరకకపోతే కొబ్బరాకైనా తెమ్మని మురళికి పురమాయించింది. అప్పుడు పద్మ అత్త ఎదురుగా నిలబడి, ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి గొంతు తగ్గించకుండా మాట్లాడింది. "సిమ్మిలి ఎట్టండత్తా. ఎంత తింటే అంత ఎట్టండి, రగతం పడతాది. మూల మాత్రం ఒద్దు. ఎల్లుండి దానికి మేచ్ ఉంది." కస్తూరమ్మ తెల్లబోయింది. "మేచ్ ఏటే? మైలతో బంతాటేటే?" "బంతికి మైలేటత్తా." ఆ మ్యాచ్‌లో వెన్నెల జేబులో చిమ్మిలి ఉండ ఉంది, సగం ఆటలో కొరికి తిని మళ్లీ వెళ్లి గోలు ముందు నిలబడింది.

తలుపు తెరుచుకుంది.

వెన్నెల బయటికొచ్చి చెయ్యి చాపింది. పద్మ దారం కట్టింది, గడియారం పెట్టింది, అలా పెడుతూ మణికట్టుని తన వేళ్లతో చుట్టి చూసింది, వేళ్లు కలవలేదు. పిల్ల పక్కన కూర్చుని వంగిపోయి నేల చూస్తోంది. "నొప్పెట్టిందా?" అంటే తల అడ్డంగా ఊపింది. చాలా చిన్నగా, "మమ్మీ, అగర్ హడ్డీ బోలేగీ కి మైఁ బడీ హూఁ, తో?" అంది. ఎముక నేను పెద్దదాన్నని చెబితే? ఆ మాటలో ఏముందో పద్మకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. పిల్ల గ్రౌండు గురించి అడగడం లేదు. నువ్వు నాకు చెప్పిందంతా నిజమేనా, నేను నిజంగా అప్పుడే పుట్టానా అని అడుగుతోంది. ఇంతమంది ఇన్ని రోజులుగా అంటుంటే పిల్ల మనసులోకి కూడా దూరింది ఆ పురుగు. పద్మ జవాబు చెప్పేలోపే లోపల్నుంచి పిలిచారు.

డాక్టర్ అర్పిత వయసులో చిన్నదే, మెత్తగా మాట్లాడే మనిషి. వెలుగుతున్న తెర మీద చెయ్యి ఉంది, తెల్లగా, వేళ్లు విప్పుకుని, ఎవరినో ఆగమంటున్నట్టు. పద్మ దాన్నే చూసింది. ఎంత అందంగా ఉంది. కమిటీ పెద్దమనిషి గడ్డం నిమురుకుంటున్నాడు, అమర్ ద్వారం దగ్గరే ఆగిపోయాడు. డాక్టర్ తెర మీద వేలు పెట్టి, ఇక్కడ ఎముక చివర్ల దగ్గర నల్లటి గీతలా సందు ఉంటుంది, ఎదుగుదలంతా ఆ సందులోంచే వస్తుంది, వయసు పెరిగేకొద్దీ అది మూసుకుంటుంది, ఈ పిల్లకి చాలావరకు మూసుకొచ్చేసింది, ఎముక వయసు దాదాపు పదిహేను, అంది.  పెద్దమనిషి చేతులు విప్పాడు, ఇంకేముంది అన్నట్టు. అప్పుడు డాక్టర్ ఆయన వైపు తిరిగి, నేను ఎముక వయసు చెప్పాను, పుట్టిన తేదీ చెప్పలేదు, రెండూ ఒకటి కాదు, అంది. పద్మని అడిగింది, పిల్ల ఎన్నో నెలలో పుట్టింది, ఎంత బరువు, ఎప్పుడు ఈడేరింది. పద్మ చెప్పింది. డాక్టర్ తలూపింది. బరువు తక్కువతో పుట్టి తరవాత వేగంగా అందుకున్న పిల్లల్లో కొందరికి ఇలా అవుతుంది, ఒళ్లు క్యాలెండర్ కన్నా ముందు పరిగెడుతుంది, తిండి వల్ల జరిగిన తప్పేమీ కాదు, ఆ తిండి లేకపోతే ఈ పిల్ల ఇలా నిలబడేదే కాదు, ఎముకా అబద్ధం చెప్పడం లేదు, ఈవిడా చెప్పడం లేదు.

 పెద్దమనిషి పద్మ వైపు తిరిగాడు. "చూడు బెహన్, రూలు రూలే. పద్నాలుగు లోపు జట్టులో ఆడించలేం. కానీ పిల్ల మంచి ఆటగత్తె, నేను చూశాను. ఒక దారి ఉంది. పుట్టిన తేదీ పొరపాటుగా రాయించామని, అసలు పదిహేనేళ్లని, ఒక సంతకం పెట్టెయ్యి. ఫిర్యాదు అక్కడితో ఆగిపోతుంది. పదిహేడు లోపు క్యాంపుకి నేనే నేరుగా పంపిస్తాను." అమర్ దగ్గరికొచ్చి, "దీదీ, ఆలోచించండి. క్యాంపంటే పాలు, గుడ్లు, మంచి కోచింగ్. కలలో కూడా దొరకదు" అన్నాడు, తప్పు చేస్తున్నవాడిలా. పద్మ మురళికి ఫోన్ చేసింది. వెనకాల గ్రైండరు చప్పుడు. అంతా విని మురళి అరిచాడు, "పెట్టీయే! ఏటైపోద్ది? పిల్ల బాగుపడతాది కదా." నిజమే, ఏమైపోతుంది. ఒక అంకె. రెండేళ్లు వెనక్కి. రెండేళ్లు వెనక్కి వెళితే ఆ తేదీకి పద్మ ఎక్కడుంది? టెక్కలి దగ్గర వాళ్ల ఊళ్లో, ఇంటర్ తప్పి, అత్తవారంటే ఏమిటో, మురళి ఎవరో తెలియకుండా మిషను నేర్చుకుంటోంది. ఆ తేదీన పిల్ల పుట్టిందంటే అది ఎవరి పిల్ల? నిండు నెలలకి, నిండు బరువుతో పుట్టి, గీత మీద పెరిగిన పిల్ల ఎవరో అయుంటుంది. అప్పుడు వాన లేదు, ఉగ్గుగిన్నె లేదు, నానొల్లను అని ఆ చిన్న తలతో అన్న మాట లేదు, ఆలస్యంగా పంచిన అరిసెలు ఎందుకు పంచినట్టు? పక్కన వెన్నెల తల్లి మొహంలోకే చూస్తోంది, బెంచీ మీద అడిగిన ప్రశ్న ఇంకా కళ్లలో అలాగే ఉంది. సంతకం పెడితే దానికి జవాబు కూడా ఇచ్చేసినట్టే.

"మురళీ," అంది పద్మ ఫోన్లో, ఎప్పుడూ పేరు పెట్టి పిలవని మనిషి, "నాను ఎట్టను." గ్రైండరు ఆగింది.  "నువ్వొల్లనంటే ఒల్లవు. నాకు తెల్దేటి. అలాగే కానీయ్," అన్నాడు.

పద్మ పెద్దమనిషి వైపు తిరిగి, తనకొచ్చిన హిందీలో, మధ్యలో తెలుగు పడినా ఆగకుండా చెప్పింది. నా పిల్ల పుట్టినరోజు పొరపాటు కాదు సార్. ఎముక ముందుకు పోయిందా, పోనివ్వండి, మీ జట్టులోంచి తీసేస్తారా, తీసెయ్యండి, రూలంటే ఒప్పుకుంటాను. పుట్టినరోజుని మాత్రం ముట్టుకోనివ్వను. పదిహేడు లోపు వాళ్లలో పదమూడేళ్ల పిల్ల ఆడకూడదని రూలుందా? ఆయన తడబడి అమర్ వంక చూశాడు. "లేదు దీదీ, చిన్నవాళ్లు పైజట్టుకి ఆడొచ్చు. కానీ క్యాంపుకి నేరుగా కాదు, అందరితో పాటు ట్రయల్‌కి రావాలి," అన్నాడు అమర్, మొదటిసారి ఆమె కళ్లలోకి చూసి. "వస్తుంది," అంది పద్మ. "పదమూడేళ్లనే రాయండి. రాసుకుని రానివ్వండి." పెద్దమనిషికి కోపమొచ్చింది. "మొండితనం. అక్కడ అమ్మాయిలంతా దీనికన్నా పెద్దవాళ్లు. డాక్టర్‌గారూ, మీరే చెప్పండి, ఇది ఇంకెంత పెరుగుతుంది?" డాక్టర్ తెర మీది చేతిని మళ్లీ చూసింది. చెప్పక తప్పదన్నట్టు, వెన్నెల వైపే చూస్తూ చెప్పింది. ఇంకో అంగుళం, మహా అయితే రెండు. ఇవాళ నువ్వు నీ తోటివాళ్లలో ఎత్తైనదానివి. రెండు మూడేళ్లలో వాళ్లలో చాలామంది నిన్ను దాటిపోతారు. ఎదుగుదల ముందు మొదలైతే ముందే ఆగుతుంది.

ఈ మాట మాత్రం పద్మ ఊహించలేదు. గోల్‌కీపర్‌కి ఎత్తే ప్రాణం అని అమర్ ఎన్నిసార్లు అన్నాడో. ఇన్నాళ్లూ పెరుగు పెరుగు అని పోసింది, ఇక పోసినా పెరగదట. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే కూతురి భుజం మీదికి వెళ్లింది, పట్టుకోవడానికో, పట్టుకు నిలబడడానికో. వెన్నెల తెర మీది తన చేతిని చూస్తోంది, వేళ్ల చివరి నల్లటి సన్నగీతల్ని, మూసుకుపోతున్న సందుల్ని. చాలాసేపు చూసింది. తరవాత పెద్దమనిషి వైపు తిరిగింది. ఆ గదిలోకి వచ్చాక అది మాట్లాడటం ఇదే మొదటిసారి. "తో కూద్‌నా సీఖ్ లూంగీ, సర్." ఐతే ఎగరడం నేర్చుకుంటాను. పొగరుగా అనలేదు, ఏడుపుగా అనలేదు, చెప్పులు తెగితే కుట్టించుకుంటాను అన్నంత మామూలుగా అంది. డాక్టర్ తల పక్కకి తిప్పి నవ్వు దాచుకుంది. అమర్ దాచుకోలేదు.

బయట కారిడారులో జనం తగ్గారు. పద్మ ముందు నడుస్తోంది, ఇంటికెళ్లి అత్తకి ఏం చెప్పాలో, మురళికి ఎలా చెప్పాలో, ట్రయల్ నాటికి చెప్పుల దుకాణంలో కాకుండా మంచి బూట్లు ఎక్కడ దొరుకుతాయో, అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. వెనక పెద్ద చప్పుడైంది. తిరిగి చూస్తే, పైకప్పు నుంచి గొలుసులతో వేలాడదీసిన రేకుబోర్డు, నిశ్శబ్దంగా ఉండండి అని హిందీలో రాసింది, గంటలా ఊగుతోంది. కింద వెన్నెల, చెయ్యి దులుపుకుంటూ. ఎగిరి కొడితే వేళ్ల కొసలే తగిలినట్టున్నాయి. నర్సు గదిలోంచి తల బయటపెట్టి అరిచింది, "ఏయ్ లడ్కీ! బోర్డ్ గిర్ జాయేగా!" బోర్డు పడిపోతుందట. టీకా పసివాడు తల్లి భుజం మీంచి తలెత్తి ఊగే బోర్డు వంక చూశాడు. పద్మ నర్సుని చూసింది, బోర్డుని చూసింది, చివాట్లకి సిద్ధంగా నిలబడ్డ కూతురిని చూసింది.

"వేళ్లు కాదే," అంది, "అరచెయ్యి తగలాల. ఇంకోసారి ఎగురు."